అయిదు సెకన్ల తాత

సినిమా పేరు చెప్పను. చెబితే మీరు చటుక్కున ఫోను తీసి వెతుకుతారని నాకు తెలుసు! హీరో పేరూ చెప్పను. కొత్త కుర్రాడు, బాగానే చేశాడు. పాపం, సినిమాయే రెండో వారం చూడలేదు.

2023 చలికాలం. నెల్లూరులో ఒక శనివారం మ్యాట్నీ. హాలు మొత్తం మీద ముప్ఫయి మందిమి ఉన్నామేమో. ఇంటర్వెల్‌కి కాస్త ముందు హీరోగారు మోటారు సైకిలెక్కి సముద్రపు ఒడ్డున దూసుకుపోతాడు. వెనక డ్రమ్ములు దడదడలాడుతున్నాయి. ముందు వరసలో కుర్రకారు ఈల వేశారు. నేనూ హుషారుగా కాలు ఊపుతున్నాను. ఉన్నట్టుండి ఆ డ్రమ్ముల మధ్య నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

పాట కాదు. ఒక్క పిలుపు. వల లాగేటప్పుడు వేసే 'హైలెస్సా' కేక. ఆ కేకను ఒక్కొక్కరు ఒక్కో రకంగా సాగదీస్తారు. ఈ గొంతు చివర్లో కాస్త జారి, చిన్నగా విరిగి, మళ్లీ మొదటికొస్తోంది. మళ్లీ జారి, మళ్లీ విరిగి, మళ్లీ మొదటికి. అయిదు సెకన్లకోసారి, అచ్చంగా అదే జారుడు, అదే విరుపు.

నా కాలు ఆగిపోయింది.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ మనిషి పోయి అప్పటికి ఏడాది దాటింది. చిత్రం ఏమిటంటే, ఆయన్ని తీసుకెళ్లి హీరోగారి మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టింది మరెవరో కాదు. సాక్షాత్తూ నేనే!

కృష్ణపట్నంలో ఒక తెల్లవారుజాము

మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణపట్నం. నెల్లూరులో బస్సెక్కి ముత్తుకూరు మీదుగా పోతే గంట ప్రయాణం. మీలో చాలామందికి ఆ పేరు వినగానే 2008లో మొదలైన కొత్త ఓడరేవు, క్రేన్లు, బొగ్గు లారీలు గుర్తొస్తాయి. కొందరికి 2021 మే నెల గుర్తొస్తుంది. కరోనా రెండో దెబ్బలో ఆయుర్వేద మందు కోసం జనం బారులు తీరింది ఆ ఊళ్లోనే. నాకు మాత్రం కండలేరు వాగు సముద్రంలో కలిసే చోట వీచే ఉప్పుగాలి గుర్తొస్తుంది. దాంతోపాటు మా అమ్మమ్మ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే తాత.

వరసకు తాతే గాని రక్తసంబంధం ఏమీ లేదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నన్ను తెప్ప మీద కూర్చోబెట్టి అలల మీద ఆడించేవాడు. నాకు చేప ముల్లు తీసుకుని తినడం నేర్పింది ఆయనే. ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఎవరికి కావాలి?

2019 సంక్రాంతికి ఊరెళ్లాను. కనుమ మర్నాడు తెల్లవారుజామున ఒడ్డుకు పోతే తాతావాళ్లు వల లాగుతున్నారు. ఒడ్డున నిలబడి లాగే వల అది. పడవ మీద తీసుకెళ్లి అర్ధచంద్రాకారంలో సముద్రంలో వదిలి, రెండు కొసల మోకులూ ఒడ్డుకు తెస్తారు. ఆ రోజు ఒక్కో మోకుకు అయిదుగురు. రెండో మోకు బాగా దూరంగా ఉంది. ఈ మోకు దగ్గర తాత, ఆయన వెనక నలుగురు.

తాత పిలుస్తాడు. నలుగురూ జవాబు చెబుతారు. తమాషా ఎక్కడుందంటే, పిలుపు దగ్గర ఎవరూ లాగరు. అది ఊపిరి పీల్చుకుని కాలు తన్నిపెట్టుకునే సమయం. జవాబు దగ్గరే అయిదుగురి బలమూ ఒక్కసారిగా మోకు మీద పడుతుంది. అంటే ఆ పాట పాడేది అలసట మరిచిపోవడానికి మాత్రమే కాదు. అది లేకపోతే ఒకడు ముందు, ఒకడు వెనక లాగి, వల అంగుళం కదలదు. మన సినిమా వాద్యగోష్ఠిలో కండక్టరు చేతికర్ర చేసే పనే అక్కడ తాత గొంతు చేస్తుంది.

నేను ఫోను తీసి రికార్డు చేశాను. ఎందుకంటే ఏం చెప్పను? బాగుంది కాబట్టి. విలేకరి వేలు ఊరుకోదు కాబట్టి.

కత్తెర కథ

నాకు హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక మిత్రుడున్నాడు. ఇంజనీరింగు చదివి, ఆ పట్టా అటకమీద పెట్టి, లాప్‌టాపుతో సంగీతం కడుతుంటాడు. చిన్న సినిమాలకు నేపథ్య సంగీతం, పొట్టి చిత్రాలు, ప్రకటనలు. ఆర్కెస్ట్రాను పిలిచే తాహతు ఆ నిర్మాతలకు ఉండదు. అందుకని మావాడి గదిలో వయొలిన్ల దండు నుంచి డప్పు దాకా అన్నీ ఆ లాప్‌టాపులోనే ఉంటాయి.

"ఏదైనా మన మట్టి వాసన ఉన్న సౌండు ఉంటే పంపరా" అన్నాడొక రోజు. తాత రికార్డింగు పంపాను. అది రెండు నిమిషాల నలభై సెకన్లు ఉంది. అరగంటలో మావాడి ఫోను: "అదిరింది! వచ్చి చూడు, ఏం చేశానో."

వెళ్లి చూశాను. కొత్తవాళ్ల కోసం ఆ విద్య ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. శబ్దాన్ని కంప్యూటరు అంకెలుగా దాచుకుంటుంది. సి.డి. ప్రమాణంలో సెకనుకు 44,100 కొలతలు. అంకెలుగా మారిన శబ్దాన్ని బట్టలా కత్తిరించవచ్చు, సాగదీయవచ్చు, అతుకు పెట్టవచ్చు. అలా కత్తిరించి తీసిన ముక్కే 'శాంపిల్'. దాని తోకను తలకు అంటించి గిరగిరా తిప్పితే 'లూప్'.

మావాడి పాట నడక నిమిషానికి 90 దెబ్బలు. అంటే ఎనిమిది దెబ్బలకు అయిదు సెకన్ల పైచిలుకు. తాత పిలుపును సరిగ్గా అందులో ఇమిడేటట్టు కోశాడు. కోసే చోటు కూడా చూసుకోవాలి. శబ్ద తరంగం సున్నా గీతను దాటే చోట కొయ్యకపోతే అతుకు దగ్గర 'టిక్' మంటుంది. పిలుపు కాస్త నిదానంగా ఉంటే దాన్ని బిగించాడు. ఒకప్పుడు టేపు వేగం పెంచితే శ్రుతి కూడా పెరిగి మనిషి గొంతు చిలక గొంతయ్యేది. ఇప్పుడు శ్రుతి కదలకుండా వేగం ఒక్కటే మార్చవచ్చు. కింద డ్రమ్ములు పరిచి మీట నొక్కాడు.

నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది.

"మరి జవాబేదిరా?" అన్నాను.

"తీసేశా. నలుగురి గొంతులు, గాలి, అల, అంతా గజిబిజి. డ్రమ్ములకి అడ్డం" అన్నాడు. నేనూ సరేనన్నాను. బాగానే ఉందిగా మరి!

ఇది కొత్త విద్యేమీ కాదు

శాంపిల్ అనగానే కొందరు పెద్దలు 'కాపీ' అని మూతి ముడుస్తారు. రెండూ వేరు. ట్యూను కాపీ కొట్టడమంటే ఒకరి ఉత్తరాన్ని మన చేతివ్రాతతో తిరగరాయడం. శాంపిల్ అంటే ఆ ఉత్తరంలోంచి కాగితం ముక్కే చింపుకుని మన పుస్తకంలో అతికించుకోవడం. అక్షరాలు వాళ్లవే, సిరా కూడా వాళ్లదే.

1948లో పారిస్‌లో పియర్ షఫేర్ అనే రేడియో ఇంజనీరు రైలు ఇంజన్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటినే తిప్పి తిప్పి ఒక సంగీత రచన చేశాడు. 1963లో ఇంగ్లండులో మెలట్రాన్ అనే వాద్యం వచ్చింది. దాని ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే ఎవరో ఎప్పుడో వాయించిన వేణువో వయొలినో పలుకుతుంది, అదీ ఎనిమిది సెకన్ల పాటే! 1979లో ఆస్ట్రేలియా వాళ్ల ఫెయిర్‌లైట్ కంప్యూటరు ఆ పనినే అంకెలతో చేసింది. 1980లో అమెరికాలో రోజర్ లిన్ అసలు సిసలు డ్రమ్ము దెబ్బలను పెట్టెలో బంధించి ఎల్.ఎం.-1 యంత్రాన్ని తెచ్చాడు.

మద్రాసులో మన పాటలు పుట్టిన రోజుల్లో గాయకులూ వాద్యకారులూ ఒకే థియేటర్లో కూర్చుని ఒకే ఊపులో రికార్డు చేసేవారు. వెనక వరస వయొలిన్ ఒక్క స్వరం తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి! తరవాత ట్రాకులు పెరిగాయి, కీబోర్డులు వచ్చాయి. ఇళయరాజా గారు 1986లో 'పున్నగై మన్నన్' చిత్రానికి కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. ఆ కాలంలోనే రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు 1992లో 'రోజా'తో దేశాన్ని ఊపేశాడు. ఎ.ఆర్. రెహమాన్ గారని వేరే చెప్పాలా? శబ్దాలను దాచుకుని, పొరలు పొరలుగా పేర్చి పాట కట్టడం ఆ తరవాత మన దగ్గర మామూలైపోయింది.

కాబట్టి విద్యలో తప్పులేదు. కత్తెర తప్పు చేయదు. తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి రెండు కథలు చెబుతాను, వినండి.

లేని మనిషికి పేరు, ఉన్న మనిషికి...

1977 నాటి 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమాలో బీ జీస్ బృందం పాడిన 'స్టేయింగ్ అలైవ్' మీరు వినే ఉంటారు. ఆ పాట రికార్డింగు ఫ్రాన్స్‌లో జరుగుతుండగా డ్రమ్మరు ఇంట్లో ఆపద వచ్చి ఊరికి వెళ్లిపోయాడు. పని ఆగకూడదు కదా! అదే బృందం అంతకుముందు రికార్డు చేసిన 'నైట్ ఫీవర్' పాటలోంచి డ్రమ్ము ముక్కను కత్తిరించి, టేపు కొసలు రెండూ అంటించి, ఆ పొడవాటి టేపును మైకు స్టాండు మీదుగా తిప్పారు. పాట పొడుగునా మీరు వినేది ఆ గుండ్రటి టేపునే. రికార్డు మీద డ్రమ్మరు పేరు వెయ్యాలిగా? 'బెర్నార్డ్ లూప్' అని వేశారు! అలాంటి మనిషే లేడు. లూపుకే మనిషి పేరు పెట్టారు. ఆ లేని మనిషికి లోకంలో బోలెడంత పేరొచ్చింది.

ఇక రెండో కథ. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు వేసింది. దాని రెండో వైపు పాట 'ఆమెన్, బ్రదర్'. మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగి డ్రమ్ములొక్కటే మోగుతాయి. సుమారు ఆరేడు సెకన్లు, నాలుగే ఆవర్తాలు. వాయించినతను గ్రెగరీ కోల్‌మన్. ఆ ముక్కను తరవాతి కాలంలో హిప్ హాప్ వాళ్లూ ఇంగ్లండు డాన్సు సంగీతం వాళ్లూ వేల పాటల్లో వాడుకున్నారు. ఒక సంగీత జాతే దాని మీద పుట్టిందంటే అతిశయోక్తి కాదు. కోల్‌మన్‌కు ఆ వాడకం మీద దమ్మిడీ రాలేదు. 2006లో అట్లాంటాలో తలదాచుకునే ఇల్లు కూడా లేని స్థితిలో పోయాడు. 2015లో అభిమానులు చందాలు వేసుకుని సుమారు 24,000 పౌండ్లు ఆ బృందం నాయకుడికి అందించారు. డ్రమ్ములు వాయించిన చేతులు అప్పటికి లేవు.

మన దగ్గర? 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాలతో మనవాళ్లను గంతులేయించిన బప్పీ లహరి గారు గుర్తున్నారుగా! 1981 నాటి హిందీ 'జ్యోతి' చిత్రానికి ఆయన చేసిన, లతా మంగేష్కర్ గారు పాడిన పాట ముక్కను 2002లో అమెరికాలో 'అడిక్టివ్' అనే పాటలో అడక్కుండా వాడేశారు. కేసు వేశారు. బప్పీ గారి పేరు వెయ్యకుండా ఆ సి.డి.లు అమ్మకూడదని అక్కడి కోర్టు ఆదేశించింది. బంగారు గొలుసుల బప్పీ గారికి ఆ వేళ కావలసింది ఇంకో గొలుసు కాదు, పేరు!

సరే, బప్పీ గారికి రికార్డు కంపెనీ ఉంది, లాయర్లున్నారు. కోల్‌మన్‌కు కనీసం పేరైనా మిగిలింది. మరి మా తాతకు?

నాలుగు మాటల పాపం

ఇప్పుడు నా సంగతికొస్తాను.

2020 లాక్‌డౌన్‌లో మావాడికి పనిలేదు, అద్దె బాకీ పడింది. శబ్దాల ముక్కలు కొని, ప్రపంచమంతా అమ్మే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కున్నవాడు ఆ ముక్కను తన పాటలో, సినిమాలో ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, మళ్లీ కట్టనక్కర్లేదు. దీన్నే 'రాయల్టీ ఫ్రీ' అంటారు. పేరు చూసి ఉచితమనుకునేరు! మావాడు తన దగ్గరున్న ముక్కలన్నీ మూటగట్టి అలాంటి ఒక సంస్థకు పంపాడు. అందులో తాత గొంతుకు వాళ్లు పెట్టిన పేరు 'ఫోక్ మేల్ 03'. ఆ ఒక్క ముక్క వాటాగా మావాడికి ముట్టింది ఆరువేల రూపాయలు.

పంపే ముందు నింపే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, పాడినవారి అనుమతి ఉందా అని. మావాడు బుద్ధిమంతుడే. నాకు ఫోను చేసి అడిగాడు.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఆ, ఫర్లేదు, మా తాతేలే."

ఆ నాలుగు మాటలు అనడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. తాతకు ఫోను చేసి అడగడానికి రెండు నిమిషాలు పట్టేది. చెయ్యలేదు. ఆయన వద్దనేవాడని భయపడి కాదు. అసలు అడగాలనే తోచలేదు. సినిమా వాళ్లు అడక్కుండా వాడేస్తారని వ్యాసాలు రాసేవాణ్ణి నేను! స్వరకర్తల హక్కుల గురించి పేజీలు నింపినవాణ్ణి!

ఆ తరవాత చట్టం తీసి చూశాను. మన 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ తమ ప్రదర్శన మీద హక్కు ఇచ్చింది. 2012 సవరణతో తమ పేరు చెప్పించుకునే హక్కూ వచ్చింది. రవీంద్రభారతిలో పాడినవాడికే అని అందులో ఎక్కడా లేదు. చేతిలో మోకు ఉన్నవాడైనా గాయకుడే.

2022 వానాకాలంలో తాత పోయాడు. ఆయన గొంతు అప్పటికే ఎక్కడెక్కడ తిరుగుతోందో ఆయనకు తెలియదు. ఏ దేశంలో ఏ పాటలో ఉందో నాకూ తెలియదు. ఆ మోటారు సైకిలు సినిమా సంగీత దర్శకుణ్ణి తప్పు పట్టలేను. ఆయన డబ్బు కట్టే కొన్నాడు, రసీదు ఉంది. ఆ సంస్థ దగ్గర మావాడి సంతకం ఉంది. మావాడి దగ్గర నా మాట ఉంది. నా దగ్గరే ఏమీ లేదు.

బస్సులో బాలు గారు

హాల్లో ఆ గొంతు విన్నాక మూడు నెలలు ఊరికి పోకుండా తప్పించుకున్నాను. చివరికి 2024 మార్చిలో మావాడిచ్చిన ఆరువేలూ జేబులో పెట్టుకుని కృష్ణపట్నం బస్సెక్కాను. బస్సులో డ్రైవరు బాలు గారి పాటలు పెట్టాడు. నెల్లూరు బస్సులో మరెవరి పాటలు పెడతారు?

అన్నట్టు, మీకో సంగతి. 2004లో ప్రపంచాన్ని ఊపిన బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' పాటలో కోసినట్టు వినిపించే వయొలిన్లు ఎక్కడివనుకున్నారు? 'మరోచరిత్ర' (1978) హిందీ రూపం 'ఏక్ దూజే కే లియే' (1981)లో లత గారూ మన బాలు గారూ పాడిన యుగళగీతంలోవి. సంగీతం లక్ష్మీకాంత్-ప్యారేలాల్. ఆ సినిమా పాటకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. 'టాక్సిక్' లో ఆయన గొంతు లేదు, తంత్రులే ఉన్నాయి. ఆ పాటకు గ్రామీ వచ్చినపుడు మన ఊళ్లో ఎవరికైనా తెలుసా, అందులో మన పాట ముక్క ఉందని?

ఇప్పుడు ముక్క కోసే అవసరం కూడా లేదు. గొంతు నమూనా ఇస్తే యంత్రం కొత్త మాటలే పాడుతుంది. నేను ఆ బస్సెక్కిన రోజుల్లోనే పత్రికల్లో ఒక వార్త వచ్చింది. 2023లో వచ్చిన 'కీడా కోలా' చిత్రంలో తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో బాలు గారి గొంతును పుట్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ గారు ఆ బృందానికి నోటీసు పంపారు. అదే 2024లో రెహమాన్ గారు 'లాల్ సలామ్' చిత్రంలో, చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను అదే విద్యతో వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి మరీ చేశామని ప్రకటించారు. యంత్రం ఒకటే. మధ్యలో అడగడం అనే మెట్టు ఒక్కటే తేడా.

ఆ మెట్టు ఎక్కడానికే నేను అయిదేళ్లు ఆలస్యంగా పోతున్నాను. అదీ మనిషి పోయాక.

"ఎవురూ పలకలేదేంది?"

అవ్వ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి కళ్లు చికిలించింది.

"ఏంది నాయనా, చెప్పాపెట్టకుండా వచ్చావు? ఉండు, అన్నం వండతా."

అన్నం తిన్నాక సంగతంతా చెప్పాను. ఎంత అర్థమయిందో తెలియదు. సినిమా అని మాత్రం అర్థమయింది. "ఆయన గొంతా? సినిమాలోనా? ఏదీ, ఇనిపించు" అంది.

ఫోనులో ఆ ముక్క పెట్టాను. డ్రమ్ములు మోగగానే ముఖం చిట్లించింది. తాత గొంతు లేవగానే చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. ఒకసారి విన్నది. రెండోసారి విన్నది. అయిదోసారి, ఆరోసారి. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు ఫోను వైపు తల వంచింది. నేను ఆపేశాను.

"ఆపావెందుకు? ఇంకా రానీ."

"అంతే అవ్వా. అదే తిరుగుతుంది."

"అదేంది? ఆయన పిలస్తానే ఉండాడు గదా, ఎవురూ పలకలేదేంది?"

నేనేం చెప్పను? డ్రమ్ములకు అడ్డమని తీసేశామని చెప్పనా?

"ఆయన పిలిస్తే పలకని రోజు లేదు ఈ పాళెంలో" అంది అవ్వ, నాతో కాదు, చేపలతో అన్నట్టుగా.

అప్పుడు గుర్తొచ్చింది. అసలు రికార్డింగు నా పాత ఫోను మెమరీ కార్డులో ఉండాలి. ఆ కార్డు నా సంచీలోనే ఎక్కడో ఉంది. వెతికి, పక్కింటి అబ్బాయి ఫోనులో వేసి చూస్తే దొరికింది! రెండు నిమిషాల నలభై సెకన్లు, చెక్కుచెదరకుండా.

పెట్టాను. అల చప్పుడు. గాలి. తాత పిలుపు. ఆ వెంటనే నలుగురి జవాబు, మోకు ఇసకలో జరిగిన చప్పుడు. అవ్వ తల ఊపింది. మళ్లీ పిలుపు, మళ్లీ జవాబు. లూపు కాదుగా, ఏ పిలుపుకా పిలుపు వేరు. ఒకసారి గొంతు పైకి లేస్తుంది, ఒకసారి ఆయాసంతో సగంలోనే ఆగుతుంది. నలుగురిలో ఒకడు తప్పు చోట పలికితే మిగతావాళ్లు నవ్వుతారు. చివర్లో తాత దగ్గాడు. దగ్గి, నా వైపు తిరిగి, రికార్డింగులో స్పష్టంగా వినబడేటట్టు అరిచాడు:

"ఒరే, ఆ పెట్టె పక్కనబెట్టి మోకు పట్టుకోరా! ఊరికే నిలబడితే చేప పడుద్దా?"

అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇదీ ఆయన" అంది.

ఆరువేలూ తీసి ఆమె చేతిలో పెట్టాను. లెక్కబెట్టుకుని, నా వైపు చూసింది.

"ఇది ఆయనొక్కడిదేనా? తక్కినోళ్లు లాగలా?"

"వాళ్ల గొంతులు అందులో లేవవ్వా."

"తీసేసింది మీరు గదా. వాళ్లు పలికారు గదా."

ఈ ప్రశ్నకు ఏ కాపీరైటు చట్టంలో జవాబుందో నాకు తెలియదు. ఆమె మాత్రం తేల్చేసింది. అయిదు వాటాలు. మనిషికి పన్నెండు వందలు. నలుగురిలో ఇద్దరు ఊళ్లోనే ఉన్నారు, ఒకడు ఓడరేవులో కూలికి పోతున్నాడు, ఒకడు చెన్నైలో చేపల రేవులో ఉన్నాడు. అందరికీ చేర్చే పూచీ నాకే అప్పజెప్పింది.

"మరి నాకు వాటా లేదా అవ్వా?" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

"నువ్వు ఫోను బట్టుకోని నిలబడుండావు. నీకెందుకు?"

ఇక మీ వంతు

తరవాత మావాడు ఆ సంస్థకు ఉత్తరం రాశాడు. నెలకు జవాబొచ్చింది. ఇదివరకే కొన్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కు తీసుకోవడం కుదరదట, ఇక మీదట అమ్మకుండా ఆపగలరట. ఆపారు. వెళ్లిపోయిన కేక వెళ్లిపోయింది. రేపు ఏ విదేశీ పాటలోనో, ఏ సబ్బు ప్రకటనలోనో తాత మళ్లీ పిలవవచ్చు. ఎవరూ పలకరు.

మావాడు శాంపిళ్లు మానెయ్యలేదు, మానెయ్యమని నేనూ చెప్పలేదు. మొన్న ఒక పొట్టి చిత్రానికి సంగీతం చేస్తూ నన్ను వెంటబెట్టుకుని కృష్ణపట్నం వచ్చాడు. మిగిలిన ముగ్గురినీ కలిశాడు. చెన్నై అతన్ని ఫోనులో అడిగాడు. అవ్వను అడిగాడు. అసలు రికార్డింగులోని పిలుపునూ జవాబునూ రెండింటినీ వాడాడు. పదకొండు సెకన్లు వచ్చింది. డ్రమ్ములకు అడ్డమేనట, అందుకని డ్రమ్ములు తగ్గించాడు! టైటిల్సులో అయిదు పేర్లూ వేశాడు, తాత పేరు ముందు. ఆ పేర్లు ఇక్కడెందుకు వెయ్యలేదంటారా? ఈసారి అడిగాను. "పేపర్లో వద్దు నాయనా, సినిమాలో అయితే సరే" అంది అవ్వ.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది జేబుల్లో ఇవాళ ఒక రికార్డింగు థియేటరు ఉంది. గది తలుపు మూసుకుని పాటలు కట్టే కుర్రవాళ్లు ఎందరో నాకు ఉత్తరాలు రాస్తుంటారు. కోయండి, అతకండి, తిప్పండి. బాలు గారి ఊరి వాణ్ణి, సంగీతం వద్దని నేను చెబుతానా? కాకపోతే మూడు పనులు చెయ్యండి. గొంతు ఎవరిదో పేరు రాసి పెట్టుకోండి, 'ఫోక్ మేల్ 03' అని కాదు. మనిషి ఉండగానే అడగండి. ముక్క కోశాక అసలుది పారెయ్యకండి.

ప్రేక్షకులకు మాత్రం ఒకే మనవి. సినిమా అయిపోగానే చెప్పులు వెతుక్కుంటూ పరుగెత్తకండి. టైటిల్సు పూర్తయ్యేదాకా ఒక్క రెండు నిమిషాలు కూర్చోండి. అవ్వ కూడా కూర్చుంది, మావాడి లాప్‌టాపు ముందు, వాకిట్లో. ఆమెకు చదువు రాదు. అయిదు పేర్లూ పైకి జరుగుతుంటే పక్కింటి అబ్బాయి చదివి వినిపించాడు.